లాభం అంకె పక్కన ఆడిటర్ మాట కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఫలితాల సీజన్ వచ్చిందంటే మీ బిజినెస్ పేజీలో వార్తలన్నీ ఒకే మూసలో వస్తాయి. నికర లాభం ఇంత, నిరుటి కంటే ఇంత శాతం ఎక్కువ, రాబడి ఇంత, షేరుకు డివిడెండ్ ఇంత. ఆ లాభం అంకెను లెక్క కట్టిన పద్ధతి మీద ఆడిటర్ ఏమన్నాడో మాత్రం ఎక్కడా ఉండదు. మార్చి ఫలితాల వార్తల్లో, ఆ తర్వాత వార్షిక నివేదికలు వెలువడే జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ ఒక్క వాక్యం చేర్చాలని కోరుతూ ఈ ఉత్తరం. అది చిన్న విషయంలా కనిపించవచ్చు. ఎందుకు కాదో కొంచెం వివరంగా చెప్పాలి.

షేర్ మార్కెట్లో నమోదైన (లిస్టెడ్) కంపెనీ వార్షిక నివేదికలో ఆడిటర్ అభిప్రాయాలు రెండు ఉంటాయి. మొదటిది అందరికీ తెలిసిందే: ఖాతాలు వాస్తవ పరిస్థితిని సరిగ్గా చూపుతున్నాయా లేదా. రెండోది ఆడిట్ నివేదిక చివర అనుబంధంగా ఉంటుంది: అంతర్గత ఆర్థిక నియంత్రణలు తగినంతగా ఉన్నాయా, అవి నిజంగా పనిచేస్తున్నాయా. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 143(3)(ఐ) ప్రకారం ఇది తప్పనిసరి. 2015 ఏప్రిల్ 1 తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాల నుంచి అమల్లో ఉంది. డైరెక్టర్లు కూడా సెక్షన్ 134(5)(ఇ) కింద ఇదే విషయంపై తమ పూచీ రాసి సంతకం పెట్టాలి.

చాలామంది ఇన్వెస్టర్లకు, కొందరు బ్రోకర్లకు కూడా తెలియని సంగతి ఒకటుంది. ఈ రెండు అభిప్రాయాలూ ఒకేలా ఉండాలని లేదు. ఖాతాలపై ఏ షరతూ లేకుండా మంచి అభిప్రాయం ఇచ్చి, నియంత్రణలపై షరతులతోనో ప్రతికూలంగానో అభిప్రాయం ఇవ్వవచ్చు. ఆ ఏడాది ఆడిటర్ అదనంగా కష్టపడి, ఇంకా ఎక్కువ బిల్లులు తిరగేసి, అంకెలు సరిపోయాయని తేల్చుకుని ఉంటాడు. కంపెనీ సొంత పద్ధతి మాత్రం బలహీనంగానే ఉంది. వచ్చే ఏడాది ఆ తప్పు దొర్లితే పట్టుకునే యంత్రాంగం లోపల లేదన్నమాట. ఫలితాలతో పాటు కంపెనీ ఎక్స్ఛేంజీకి పంపే ‘ఆడిటర్ అభిప్రాయంలో మార్పులు లేవు’ అన్న ప్రకటన ఖాతాలకు సంబంధించినది మాత్రమే. అది చూసి నియంత్రణలు కూడా బాగున్నాయనుకుంటే పొరపాటు.

లోపాల్లోనూ మెట్లున్నాయి. కింది మెట్టు మామూలు లోపం. దాని పైన బోర్డులోని ఆడిట్ కమిటీకి రాతపూర్వకంగా చెప్పాల్సినంత గణనీయమైన లోపం. అన్నిటికన్నా పైన మెటీరియల్ వీక్‌నెస్: ఖాతాల్లో పెద్ద తప్పు దొర్లితే అది సకాలంలో ఆగకపోవడానికో, దొరక్కపోవడానికో సహేతుకమైన అవకాశం ఉన్న లోపం. తప్పు జరిగి తీరాలని ఈ నిర్వచనం అనడం లేదు. జరిగితే ఆపేవాడు లేడంటే చాలు. మూడింటిలో వాటాదారుడి కంటబడేది ఈ పై మెట్టు ఒక్కటే. కింది రెండూ బోర్డు గదిలోనే ఉండిపోతాయి. అందుకే అనుబంధంలో ఒక షరతు కనిపించిందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లోపల ఎంతో చర్చ జరిగి, యాజమాన్యం ఎంతో నచ్చజెప్పాక కూడా మిగిలిన వాక్యం అది.

నియంత్రణ అనగానే మనవాళ్లకు ఫైళ్లు, ఫ్లోచార్టులు, వందల గళ్ల పట్టికలు గుర్తొస్తాయి. అసలు సంగతి అంతకన్నా సూటిగా ఉంటుంది. ఎంట్రీ రాసేవాడు ఒకరు, ఆమోదించేవాడు ఇంకొకరు, డబ్బు మీద చేయి ఉన్నవాడు మరొకరు, బయటి సాక్ష్యంతో సరిచూసేవాడు ఈ ముగ్గురితో సంబంధం లేనివాడు. ఈ నాలుగూ ఒకే చేతి కిందికి వచ్చిన చోటే కంపెనీలు కూలాయి. దీనికి మన హైదరాబాద్‌ను మించిన ఉదాహరణ లేదు.

ఇక్కడి ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఛైర్మన్ రామలింగరాజు ఖాతాల మోసాన్ని ఒప్పుకుంటూ 2009 జనవరి 7న బోర్డుకు రాసిన ఉత్తరంలోని అంకెలను ఇప్పుడు మళ్లీ నింపాదిగా చూడండి. 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని ఉంది. అందులో 5,040 కోట్లు లేనే లేవు. రావాల్సిన వడ్డీగా చూపిన 376 కోట్లూ లేవు. 1,230 కోట్ల అప్పు పుస్తకాల్లోకి ఎక్కలేదు. కస్టమర్ల నుంచి రావాల్సిన బకాయిలు 2,651 కోట్లని చూపగా, అందులో 490 కోట్లు ఎక్కువగా రాసినవి. ఆ ఒక్క త్రైమాసికంలో రాబడి 2,700 కోట్లని ప్రకటించారు, అసలు 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు, అసలు 61 కోట్లు. రెండు చోట్లా తేడా సరిగ్గా 588 కోట్లే. కల్పిత రాబడికి జీతాలుండవు, ప్రయాణ ఖర్చులుండవు. వేసిందంతా నేరుగా లాభంలోకి దిగుతుంది. 3 శాతం మార్జిన్ 24 శాతంగా కనిపించింది ఇలాగే.

ఈ అంకెల్లో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది బకాయిలకూ నగదుకూ మధ్య ఉన్న పొంతన. కల్పిత అమ్మకాలు చూపే కంపెనీల్లో సాధారణంగా ఉబ్బేది బకాయిల పద్దు. బిల్లు రాశారు, కట్టేవాడు లేడు, అది అలాగే ఉండిపోతుంది. ఆరు నెలలు, ఏడాది దాటిన బకాయిల పట్టిక చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. సత్యంలో అలా కాలేదు. కల్పిత బకాయి 490 కోట్లయితే, కల్పిత నగదు దానికి పది రెట్లు. అంటే దొంగ ఇన్‌వాయిస్‌కు దొంగ వసూలు కూడా రాసి, బకాయిని మూసేసి, ఆ మొత్తాన్ని బ్యాంకు నిల్వలోకి మార్చారు. త్రైమాసిక రాబడితో పోలిస్తే బకాయిలు దాదాపు 90 రోజులవిగా, అనుమానం రానంత మామూలుగా కనిపించాయి. నగదు పద్దు మీద ఎవరికీ అనుమానం ఉండదు, బ్యాంకు కాగితం ఉంటుంది కదా అన్న ధీమా. ఆ ధీమా మీదే మొత్తం నిలబడింది.

ఇన్‌వాయిస్‌లు ఎలా పుట్టాయో సీబీఐ అభియోగపత్రంలో ఉంది. పద్ధతి ప్రకారమైతే ముందు ప్రాజెక్టుకు ఒక గుర్తింపు సంఖ్య పుట్టాలి. ఆ సంఖ్య మీద ఉద్యోగులు పని గంటలు నమోదు చేయాలి. గంటల లెక్క నుంచి బిల్లు తయారవ్వాలి. ఆ బిల్లు చివరిగా ఇన్‌వాయిస్ వ్యవస్థలోకి చేరాలి. కల్పిత ఇన్‌వాయిస్‌లు ఈ మెట్లేవీ ఎక్కలేదు. ఎక్సెల్ షీటు నుంచి నేరుగా ఆఖరి వ్యవస్థలోకి దిగాయి. ఏ పరిమితులూ లేని ‘సూపర్ యూజర్’ అధికారంతో వాటిని వ్యాపార విభాగాల వారికి కనపడకుండా దాచారు. ప్రాజెక్టు నడిపే మేనేజరు తన తెర మీద చూసే బిల్లులు వేరు, కంపెనీ ప్రధాన ఖాతా పుస్తకానికి (జనరల్ లెడ్జర్) చేరినవి వేరు. సీబీఐ లెక్కలో అవి 7,561. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ కూడా 6,000కు పైగా అని రాసింది.

ఇక్కడ పనిచేయాల్సిన నియంత్రణ ఏమిటి? ప్రతి నెలాఖరున లెడ్జర్‌లోని ఇన్‌వాయిస్‌ల సంఖ్య, మొత్తం తీసుకుని, ప్రాజెక్టు వ్యవస్థలో పని గంటల ఆధారంగా తయారైన బిల్లుల సంఖ్యతో, మొత్తంతో సరిపోల్చడం. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి, ఒక వైపు ఉండి మరో వైపు లేని వరుసలు తీయడం ఆ కాలపు కంప్యూటర్లకూ పెద్ద పని కాదు. షరతు ఒక్కటే: ఈ పోలిక చేసేవాడు ఫైనాన్స్ విభాగం కింద ఉండకూడదు, జాబితాను తనే డేటాబేస్ నుంచి తీసుకోవాలి. ఫైనాన్స్ వారు ముద్రించి ఇచ్చిన రెండు కాగితాలు ఎప్పుడూ సరిపోతూనే ఉంటాయి.

ఇక బ్యాంకు నిల్వలు. ఆడిటర్ బ్యాంకుకు ఒక లేఖ పంపుతాడు: ఫలానా తేదీన ఈ కంపెనీకి మీ దగ్గర ఎంత ఉంది, డిపాజిట్లు ఎన్ని, వాటి మీద తాకట్టు ఏమైనా ఉందా, అప్పులు, గ్యారంటీలు ఎన్ని. లేఖ మీద కంపెనీ సంతకం ఉంటుంది, ఎందుకంటే ఖాతాదారు అనుమతి కావాలి. కానీ దాన్ని పంపాల్సింది ఆడిటర్. చిరునామాను బ్యాంకు వెబ్‌సైటులోనో మరో స్వతంత్ర ఆధారంలోనో చూసి రాయాల్సింది ఆడిటర్. జవాబు రావాల్సింది నేరుగా ఆడిటర్ ఆఫీసుకు. మధ్యలో కంపెనీ మనిషి చేయి పడితే ఆ కాగితానికి విలువ లేదు. సీఏ శిక్షణలో ఆర్టికిల్ చేస్తున్న కుర్రాళ్లకు కూడా మొదట నేర్పేది ఇదే. 2011 ఏప్రిల్ 5న అమెరికా కమిషన్ ప్రకటించిన ఉత్తర్వుల సారాంశం ఏమిటంటే, సత్యం ఆడిట్‌లో ఈ లేఖలు పంపడం, జవాబులు తీసుకోవడం రెండూ యాజమాన్యానికే వదిలేశారు. కొన్ని బ్యాంకు శాఖల నుంచి నేరుగా వచ్చిన జవాబుల్లో అంకెలు యాజమాన్యం ఇచ్చిన వాటితో ఏమాత్రం పొసగకపోయినా వెంటపడి అడగలేదు. ఇది ఒక్క సత్యం దగ్గరే జరిగిన పొరపాటు కాదని, సత్యం ఆడిటర్లయిన భారత ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థల ఆడిట్ నాణ్యతలోనే ఉన్న వైఫల్యమని కూడా కమిషన్ తేల్చింది. ఆ సంస్థలు కమిషన్‌కు 60 లక్షల డాలర్లు, అక్కడి ఆడిట్ పర్యవేక్షణ బోర్డుకు మరో 15 లక్షల డాలర్లు జరిమానా కట్టాయి. సత్యం కోటి డాలర్లు కట్టింది.

సత్యం న్యూయార్క్‌లోనూ లిస్టయిన కంపెనీ. నియంత్రణలపై అమెరికా 2002లో చేసిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం దానికీ వర్తించింది. మన దగ్గర లిస్టింగ్ ఒప్పందంలోని 49వ క్లాజు కింద ఖాతాలపై సీఈఓ, ఆర్థిక విభాగాధిపతి (సీఎఫ్ఓ) ధ్రువీకరణ అప్పటికే అమల్లో ఉంది. స్వతంత్ర డైరెక్టర్లు పేరున్నవారు. బండారం బయటపడటానికి కొద్ది నెలల ముందు, 2008 సెప్టెంబరులో, కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది (తర్వాత వెనక్కి తీసుకున్నారు). కాగితాల కొరత ఎక్కడా లేదు.

ఇది మన దగ్గరే జరిగిందా? ఇటలీలో పాల ఉత్పత్తుల కంపెనీ పార్మలాట్ 2003 డిసెంబరులో కూలింది. దాని కేమన్ దీవుల అనుబంధ సంస్థకు బ్యాంక్ ఆఫ్ అమెరికాలో దాదాపు 395 కోట్ల యూరోలు ఉన్నాయని చూపిన లేఖ నకిలీదని బ్యాంకే చెప్పింది. జర్మనీలో చెల్లింపుల సంస్థ వైర్‌కార్డ్ 2020 జూన్‌లో కూలింది. ఫిలిప్పీన్స్‌లోని రెండు బ్యాంకుల్లో ట్రస్టీ ఖాతాల్లో ఉన్నాయన్న 190 కోట్ల యూరోలు లేవని తేలింది. మూడు దేశాలు, మూడు పెద్ద ఆడిట్ సంస్థలు, మధ్యలో పదిహేడేళ్లు. బెజ్జం మాత్రం ఒకటే: డబ్బు ఉందని చెప్పిన కాగితం డబ్బు దాచుకున్న చోటు నుంచి తిన్నగా రాలేదు. మొదట విన్నవారికి నమ్మబుద్ధి కాదు.

సత్యం తర్వాత చట్టం మారింది, ఒప్పుకోవాలి. ఆడిట్ సంస్థ ఐదేళ్ల చొప్పున రెండు దఫాలకు మించి కొనసాగకూడదు. కోటి రూపాయలు, అంతకు మించిన మోసం జరిగిందని అనుమానం వస్తే ఆడిటర్ కేంద్ర ప్రభుత్వానికి తెలపాలి. 2018 అక్టోబరు 1న జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ ఏర్పడింది, ఆడిటర్లపై చర్యలు తీసుకుంటోంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి కంపెనీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ ఉండి తీరాలి: ఏ ఎంట్రీని ఎవరు, ఎప్పుడు, ఏమని మార్చారో నమోదయ్యే చిట్టా. దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు.

కానీ ఆ చిట్టా గురించి ఆడిటర్లు రాస్తున్నది ఒకసారి చదవండి. చాలా నివేదికల్లో ఒకే తరహా వాక్యం ఎదురవుతుంది: అప్లికేషన్ స్థాయిలో చిట్టా నడిచింది, డేటాబేస్‌లో నేరుగా చేసే మార్పులకు మాత్రం లేదు. సామాన్య పాఠకుడికి ఇది సాంకేతిక గొణుగుడులా ఉంటుంది. దీని అర్థం ఏమిటంటే, ముందు గుమ్మానికి కెమెరా ఉంది, వెనక గుమ్మానికి లేదు. క్లర్కు తెర మీద చేసిన మార్పు నమోదవుతుంది. డేటాబేస్ అడ్మినిస్ట్రేటరు ఒక ఆదేశంతో పట్టికలోని అంకె మారిస్తే నమోదు కాదు. సత్యంలో సూపర్ యూజర్ చేసింది కూడా మామూలు ఉద్యోగి తెర మీద కనపడే పని కాదు. డేటాబేస్ స్థాయిలో చిట్టా పెడితే సర్వర్ నెమ్మదిస్తుందని ఐటీ విభాగాలు అంటాయి, అందులో కొంత నిజం ఉంది. అలాంటప్పుడు కనీసం ఆ అధికారం ఉన్న యూజర్ ఐడీలు ఎన్నో లెక్క ఉండాలి. పాస్‌వర్డు ఒకరి దగ్గరే ఉండకుండా, వాడిన ప్రతిసారీ కారణం రాసి తీసుకునే ఏర్పాటు ఉండాలి. ఆ చిట్టాను ఐటీ వారు కాకుండా ఇంటర్నల్ ఆడిట్ వారు నెలనెలా చూడాలి. ఉద్యోగం మానేసినవారి ఐడీలు నెలల తరబడి బతికే ఉండటం మరో సర్వసాధారణ లోపం. జీతాల జాబితాతో ఐడీల జాబితాను పోల్చడం పూట పని.

రెండు వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోని చోట ఏం జరుగుతుందో పంజాబ్ నేషనల్ బ్యాంకు చూపించింది. 2018 ఫిబ్రవరి 14న ఆ బ్యాంకు ముంబయిలోని ఒక శాఖలో సుమారు 177 కోట్ల డాలర్ల అనధికార లావాదేవీలు బయటపడ్డాయని ఎక్స్ఛేంజీలకు తెలిపింది. విదేశీ బ్యాంకులకు హామీ పంపే స్విఫ్ట్ వ్యవస్థ, బ్యాంకు ఖాతాలుండే కోర్ బ్యాంకింగ్ వ్యవస్థతో ముడిపడి లేదు. స్విఫ్ట్‌లో సందేశం వెళ్తే చాలు, ఖాతాల్లో ఎంట్రీ వేయకపోయినా అడిగేవాడు లేడు. రోజువారీగా స్విఫ్ట్ సందేశాల జాబితాను ఖాతాలతో పోల్చి ఉంటే మొదటి హామీనాడే తేలేది. రెండింటినీ కలపాలని రిజర్వ్ బ్యాంకు గట్టిగా గడువు పెట్టింది ఆ తర్వాతే.

మోసం సంగతి పక్కన పెట్టినా నియంత్రణ లోపం ఎంత నష్టం చేస్తుందో ఇండస్‌ఇండ్ బ్యాంకు వ్యవహారంలో చూడవచ్చు. అక్కడ ఉద్దేశాల సంగతి దర్యాప్తులు తేలుస్తాయి, అంకెల వరకే మాట్లాడుకుందాం. 2025 మార్చి 10న డెరివేటివ్ (మారకం, వడ్డీ రేట్ల మార్పులతో విలువ మారే ఒప్పందాలు) ఖాతాల్లో తేడాలున్నాయని, నికర విలువపై ప్రభావం 2.35 శాతం ఉండవచ్చని బ్యాంకే ప్రకటించింది. తర్వాత ఆ మొత్తం దాదాపు 1,960 కోట్లని తేలింది. సూక్ష్మరుణాల్లో 674 కోట్లను మూడు త్రైమాసికాల్లో తప్పుగా వడ్డీ రాబడిగా రాసి, 2025 జనవరిలో వెనక్కి తీశారు. ‘ఇతర ఆస్తులు’ పద్దులో ఆధారాలు లేని 595 కోట్లు కూర్చున్నాయి, వాటిని ‘ఇతర బాధ్యతలు’ పద్దుతో సర్దారు. అకౌంట్స్ రాసేవారికి ఈ చివరిది చదవగానే అర్థమవుతుంది. సస్పెన్స్, ‘ఇతర’ అని పేరున్న పద్దులు ప్రతి కంపెనీలోనూ తేలని లెక్కలు వచ్చి చేరే చోటు. ప్రతి వరుసకు ఒక యజమాని పేరు, పుట్టిన తేదీ, తేల్చాల్సిన గడువు లేకపోతే అవి ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. 90 రోజులు దాటిన ప్రతి వరుసనూ ఆడిట్ కమిటీ ముందు పెట్టడం అన్న ఒక్క నియమం చాలు, సగం దుమ్ము వదలడానికి.

నెలాఖరు, ముఖ్యంగా మార్చి ఆఖరు వారం, చేత్తో వేసే జర్నల్ ఎంట్రీలది మరో కథ. కొనుగోళ్లు, అమ్మకాలు ఒక క్రమంలో నడుస్తాయి: ఆర్డరు, సరుకు అందిన రసీదు, సరఫరాదారు బిల్లు, మూడూ సరిపోతేనే చెల్లింపు. జర్నల్ ఎంట్రీకి ఆ క్రమం ఉండదు. ఒక డెబిట్టు, ఒక క్రెడిట్టు, కింద రెండు ముక్కల వివరణ. లాభాన్ని పై నుంచి సర్దాలనుకునేవారికి ఇంతకన్నా సులువైన దారి లేదు. దీన్ని పరీక్షించే పద్ధతి తెలిసినదే. ముందు ఏడాది మొత్తం ఎంట్రీల జాబితా తీసుకోవాలి. ప్రారంభ నిల్వలకు ఈ ఎంట్రీలు కలిపితే ముగింపు నిల్వలు వస్తున్నాయో లేదో చూడాలి. రాకపోతే జాబితా పూర్తిగా ఇవ్వలేదని అర్థం. చాలామంది ఈ మెట్టు వదిలేసి నమూనాలు ఏరడం మొదలుపెడతారు, అక్కడే దెబ్బ తింటారు. ఆ తర్వాత జల్లెడ: మామూలుగా ఎంట్రీలు వేయని పెద్ద హోదావారు వేసినవి, సెలవు రోజుల్లో, అర్ధరాత్రి వేసినవి, చివర సున్నాలతో గుండ్రంగా ఉన్నవి, వివరణ లేనివి, రాబడిని సస్పెన్స్‌తోనో ఇతర ఆస్తులతోనో కలిపినవి, మార్చి 31న వేసి ఏప్రిల్ మొదటి వారంలో తిప్పేసినవి. ఈ చివరి రకం ఒకటి దొరికితే మిగతా పని ఆపి దాని వెంట పడాలి.

నమూనాల సంగతి కూడా పాఠకులకు తెలియాలి. నియంత్రణలు పనిచేస్తున్నాయని ఆడిటర్ చెప్పడం అంటే ప్రతి లావాదేవీ చూశాడని కాదు. నెలకోసారి జరిగే పనికి సాధారణంగా రెండు మూడు నెలలు, రోజులో ఎన్నోసార్లు జరిగేదానికి 25 నుంచి 40 సందర్భాలు చూస్తారు. అందులో సంతకం ఉందా అన్నది సులభంగా దొరికే సాక్ష్యం. సంతకం పెట్టినవాడు నిజంగా చదివాడా అన్నది దొరకదు. బ్యాంకు లెక్కను కంపెనీ పుస్తకంతో సరిపోల్చిన కాగితం (రికన్సిలియేషన్) మీద మేనేజరు సంతకం ఉంటుంది, లోపల ఎనిమిది నెలల నాటి తేలని చెక్కు అలాగే ఉంటుంది. కాగితం ప్రకారం నియంత్రణ పనిచేసినట్టే. సంతకం పెట్టినవాడు అడిగిన ప్రశ్న ఒకటైనా, దానికి వచ్చిన జవాబు ఒకటైనా ఆ కాగితం మీద కనిపిస్తేనే దాన్ని సమీక్ష అనాలని నా అభిప్రాయం.

ప్రభుత్వ రంగ సంస్థల నివేదికల్లో తరచూ ఎదురయ్యే మరో వాక్యం: ‘బకాయిల నిల్వలు నిర్ధారణకు, సరిపోల్చుకోవడానికి లోబడి ఉన్నాయి’. మర్యాదగా ఉన్న ఈ మాటకు అర్థం, మాకు ఎవరు ఎంత ఇవ్వాలో మా పుస్తకం చెబుతోంది గానీ అవతలివాడిని అడగలేదని. ఒక్క ఏడాదికైతే సరే. ఏటా అదే వాక్యం అచ్చవుతుంటే అది వాక్యం కాదు, అలవాటు.

సొంతంగా చూసుకోదలచిన చిన్న వాటాదారుకు వార్షిక నివేదికలోనే కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. నగదు, డిపాజిట్ల నిల్వ ఏడాది మొదట్లో ఎంత, చివర ఎంత చూసి సగటు కట్టండి. ఇతర ఆదాయంలో డిపాజిట్లపై వడ్డీని ఆ సగటుతో భాగించండి. బ్యాంకులు 6, 7 శాతం ఇస్తున్న ఏడాది మీకు 2 శాతమే వస్తే అడగాల్సిందే. కరెంటు ఖాతాలో ఉన్న సొమ్ముకు వడ్డీ రాదు, విదేశీ కరెన్సీ నిల్వలకు తక్కువ వస్తుంది, మార్చి చివర్లో పెద్ద వసూలు వచ్చి ఉండవచ్చు. కంపెనీ దగ్గర జవాబు ఉంటే చెబుతుంది. లోపల ఉన్నవారికైతే ఇంకా గట్టి సాక్ష్యం ఉంది: బ్యాంకు డిపాజిట్ వడ్డీపై మూలంలో పన్ను కోసి ప్రభుత్వానికి కడుతుంది, ఆ వివరం కంపెనీ పాన్ మీద ఆదాయపన్ను శాఖ ఉంచే పన్ను కోత పట్టికలో కనిపిస్తుంది. లేని డిపాజిట్‌కు దొంగ రసీదు ముద్రించవచ్చు. దాని మీద ఏ బ్యాంకూ పన్ను కట్టదు.

2021-22 నుంచి వర్తించిన ఆడిటర్ నివేదిక ఉత్తర్వులో మరో మంచి నిబంధన ఉంది. రోజువారీ నిర్వహణకు బ్యాంకు మంజూరు చేసిన అప్పు (వర్కింగ్ క్యాపిటల్) పరిమితి 5 కోట్లు దాటితే, కంపెనీ బ్యాంకుకు ప్రతి త్రైమాసికం ఇచ్చిన సరుకు, బకాయిల లెక్కలు సొంత పుస్తకాలతో సరిపోతున్నాయా లేదా ఆడిటర్ రాయాలి. చాలాచోట్ల ఒక చిన్న పట్టిక ఉంటుంది: బ్యాంకుకు చెప్పింది ఇంత, పుస్తకాల్లో ఉన్నది ఇంత, తేడా ఇంత, కారణం ఇది. మొత్తం నివేదికలో ఇంత నిక్కచ్చిగా మాట్లాడే పట్టిక మరొకటి లేదు, దాన్ని చదివేవారూ లేరు. ఇక గడువు మధ్యలో ఆడిటర్ తప్పుకున్నాడంటే, ఆయన రాసిన కారణం ఎక్స్ఛేంజీ వెబ్‌సైటులో ఉంటుంది. 2019 అక్టోబరులో సెబీ నిబంధన వచ్చాక, ముగిసిన త్రైమాసికం నివేదిక ఇవ్వకుండా ఊరికే లేచిపోయే వీలు లేదు. ‘వ్యక్తిగత కారణాలు’, ‘ఫీజు చాలదు’ అన్నవి కనిపిస్తే అదే సమయంలో సీఎఫ్ఓ కూడా మారాడేమో చూడండి.

ఇప్పుడు మళ్లీ మా విన్నపానికి వస్తాను. మార్చి ఫలితాలు మే 30 లోపు వస్తాయి, వాటితోనే ఖాతాలపై ఆడిటర్ అభిప్రాయం ఎక్స్ఛేంజీకి చేరుతుంది. నియంత్రణలపై అనుబంధం మాత్రం వార్షిక నివేదికతో గానీ రాదు. సర్వసభ్య సమావేశాలు సెప్టెంబరు 30 లోపు ముగియాలి కాబట్టి అప్పటికల్లా అన్నీ అందుబాటులో ఉంటాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కేంద్రంగా ఉన్న లిస్టెడ్ కంపెనీలను మాత్రమే తీసుకున్నా మీ పాఠకుల సొమ్ము ఉన్నవి చాలావరకు వచ్చేస్తాయి. నివేదిక పీడీఎఫ్‌లో స్వతంత్ర ఆడిటర్ నివేదిక చివర నియంత్రణలపై ఉన్న అనుబంధానికి వెళ్తే ‘అభిప్రాయం’ అన్న ఉపశీర్షిక కింద ఒకే పేరా ఉంటుంది. షరతు ఉంటే సాధారణంగా ‘షరతులతో కూడిన అభిప్రాయం’ అని శీర్షికే చెబుతుంది, వెతుక్కోనక్కర్లేదు. విలేకరికి ఒక్కో కంపెనీకి పది నిమిషాలు చాలు. వార్తలో వేయాల్సింది కూడా ఇంతే: ‘ఖాతాలపై ఆడిటర్ షరతులేమీ పెట్టలేదు, అంతర్గత నియంత్రణల విషయంలో సరుకు నిల్వల లెక్కింపు బలహీనంగా ఉందని, ఇది వరుసగా రెండో ఏడాది అని పేర్కొన్నారు.’

భవదీయుడు,
ఒక చార్టర్డ్ అకౌంటెంట్,
హైదరాబాద్